చూడాలనుంది, భయంగానూ ఉంది

(పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ జవాబులు)

2027 ఆగస్టు 2, సోమవారం నాటి సూర్యగ్రహణం గురించి ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేననుకోలేదు. ఎలా చూడాలని కొందరు, ఎలా తప్పించుకోవాలని కొందరు అడిగారు. ఒకే ఉత్తరంలో రెండూ అడిగినవాళ్లూ ఉన్నారు. నిజం చెప్పాలంటే నాకు వాళ్లే బాగా నచ్చారు. అందుకే ఈసారి ఎక్కువ చోటు వాళ్లకే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, ఆ రోజు ప్రపంచమంతా ఆరు నిమిషాలు చీకటైపోతుందనీ, మళ్లీ వందేళ్లదాకా అలాంటిది రాదనీ మా బంధువుల వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. పిల్లలు భయపడుతున్నారు. వాళ్లకి ధైర్యం చెబుతున్నానే గానీ నాకూ లోపల టెన్షన్‌గానే ఉంది.
– ఒక తల్లి

జవాబు: పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని ఇది చదివి వినిపించమ్మా. ప్రపంచమంతా చీకటి కాదు, కావడానికి వీల్లేదు. చంద్రుడి చిక్కటి నీడ నేల మీద ఎక్కడ పడుతుందో అక్కడ మాత్రమే పగలు చీకటవుతుంది. ఈసారి ఆ నీడ వెడల్పు మహా అయితే 258 కిలోమీటర్లు. అట్లాంటిక్ మహాసముద్రంలో మొదలై, జిబ్రాల్టర్ జలసంధి దాటి, స్పెయిన్ దక్షిణపు కొసను తాకి, మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, లిబియా, ఈజిప్టు, సౌదీ అరేబియా, యెమెన్, సోమాలియాల మీదుగా పోయి హిందూ మహాసముద్రంలో భూమిని విడిచిపోతుంది. ఆరు నిమిషాల మాట కూడా పూర్తిగా అబద్ధం కాదు. ఈజిప్టులో లక్సర్ దగ్గర సూర్యుడు 6 నిమిషాల 23 సెకన్లపాటు పూర్తిగా మరుగున పడతాడు. పుకారు పుట్టించినవాళ్లు అంకెను పట్టుకుని ఊరిపేరు వదిలేశారు, అంతే.

వందేళ్ల సంగతీ అలాంటిదే. ఇంత సేపు సాగే సంపూర్ణ గ్రహణం మళ్లీ 2114 జూన్ 3నే వస్తుందన్నది నిజం. కానీ సంపూర్ణ సూర్యగ్రహణం అనేది భూమి మీద ఏదో ఒక చోట సుమారు ఏడాదిన్నరకోసారి వస్తూనే ఉంటుంది. ఇంకో సంగతి. ఇదే ఆరు నిమిషాల చీకటి 2025 ఆగస్టు 2న వస్తుందని కూడా ప్రచారం జరిగింది. ఆ రోజు అసలు గ్రహణమే లేదు. ఆ మెసేజీని అప్పుడు నాకు పంపినవాళ్లే ఇప్పుడు కొత్త సంవత్సరం వేసి మళ్లీ పంపుతున్నారు.

మన దేశంలో చాలా ప్రాంతాలకు ఆ సాయంకాలం దక్కేది పాక్షిక గ్రహణమే. సూర్యుడి అంచు కొంత కొరికినట్టు కనిపిస్తుంది. ఎండ ఎండలాగే ఉంటుంది. ఎవరూ చెప్పకపోతే గ్రహణం వచ్చిపోయిందని కూడా తెలియదు.

ప్రశ్న: మా ఆయనకి లక్సర్ పిచ్చి పట్టింది. టికెట్లు, హోటళ్లు, పొద్దస్తమానం అదే గోల. ఆరు నిమిషాల కోసం అంత ఖర్చా అండీ? ఇక్కడ మేడ మీదికెక్కితే కాస్త తక్కువగానైనా కనిపిస్తుందిగా అంటే నాకేమీ తెలియదంటున్నారు. మీరే తీర్పు చెప్పండి.
– ఒక పాఠకురాలు

జవాబు: తీర్పు నేను చెబితే మీ ఇంట్లో ఒకరు ఈ శీర్షిక చదవడం మానేస్తారు. అయినా చెబుతాను. ఖర్చు విషయంలో మీది న్యాయం. 'కాస్త తక్కువగానైనా కనిపిస్తుందిగా' అన్న దగ్గర మాత్రం ఆయనదే న్యాయం.

పాక్షిక గ్రహణాన్ని సంపూర్ణ గ్రహణంలో ఒక వాటా అనుకుంటాం. కాదు. సూర్యుడు పున్నమి చంద్రుడికన్నా సుమారు నాలుగు లక్షల రెట్లు కాంతిమంతుడు. తొంభై తొమ్మిది శాతం మూసుకుపోయినా, మిగిలిన ఆ ఒక్క శాతమే నాలుగు వేల పున్నమి చంద్రుళ్ల పెట్టు. అందుకే చివరి క్షణందాకా పగలు పగలే. ఆ ఆఖరి పోగు కూడా తెగినప్పుడు మాత్రమే సూర్యుడి చుట్టూ ఉన్న కరోనా అనే పలచటి వాయువుల పొర బయటపడుతుంది. అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది. దాని వెలుగు మొత్తం కలిపితే ఇంచుమించు ఒక పున్నమి చంద్రుడంత, కాబట్టి మామూలు రోజుల్లో సూర్యుడి ధాటికి కంటికి ఆనదు.

1995 అక్టోబరు 24న రాజస్థాన్‌లోని నీమ్ కా థానాలో నేను చూసింది నిమిషం కూడా లేదు. నాతోపాటు మా కాలేజీ లెక్చరర్లు ఇద్దరు. పొద్దున్నే చలి, చుట్టూ కెమెరాల స్టాండ్లు. గ్రహణం మొదలై చాలాసేపటిదాకా 'ఇంతేనా' అనుకున్నాం. తర్వాత ఎండ రంగు మారింది. సాయంత్రపు ఎండలా ఎర్రబడలేదు, పాలిపోయింది. నీడల అంచులు కత్తితో కోసినంత పదునుగా వచ్చాయి. చంద్రుడి కొండల మధ్య సందుల్లోంచి వెలుగు పూసల్లా మెరిసింది, చివరికి ఒక్క పూస మిగిలింది, అదీ పోయింది. అంతే, ఆకాశంలో సూర్యుడుండాల్సిన చోట నల్లటి గుండ్రం, దాని చుట్టూ తెల్లటి పోగులు. మాలో ఒకావిడ గట్టిగా ఏడ్చేసింది. ఎందుకేడ్చావని ఇప్పటికీ అడగలేదు. ఆమెను ఓదార్చే తీరిక కూడా మాకు లేదప్పుడు.

నేను చూసిన దానికి లక్సర్లో దక్కేది ఏడు రెట్లకు పైనే. ఆ రోజు చంద్రుడు భూమికి దాదాపు అతి దగ్గరగా ఉంటాడు కనుక పెద్దగా కనిపిస్తాడు. భూమి సూర్యుడికి అతి దూరంగా ఉండేది జులై మొదట్లో. ఆగస్టులో కూడా దూరంగానే ఉంటుంది కాబట్టి సూర్యుడు చిన్నగా కనిపిస్తాడు. నీడ దారి ఉష్ణమండలం వైపు ఉండటం మరో లాభం. అక్కడ భూమి తిరిగే వేగం ఎక్కువ కనుక, నేల కూడా నీడతోపాటు అదే దిక్కున కదులుతుంది, నీడ ఆలస్యంగా దాటుతుంది.

ఇక మీవారికి చెప్పాల్సినవి. ఆగస్టులో లక్సర్ ఎండ నలభై డిగ్రీలు సులువుగా దాటుతుంది. గ్రహణం వచ్చేది నడిమధ్యాహ్నం, సూర్యుడు దాదాపు నడినెత్తి మీద ఉంటాడు. మెడ వెనక్కి వంచి ఆరు నిమిషాలు నిలబడలేరు, పడుకుని చూడాల్సిందే. మబ్బుల బెడద మాత్రం దాదాపు ఉండదు, అందుకే అందరూ అటే పరుగు. మొరాకోలోని టాంజియర్ కూడా నీడ దారిలోనే ఉంది, నాలుగు నిమిషాల పైన దక్కుతుంది. చేతిలో డబ్బుంటే ఇద్దరూ వెళ్లిరండి. అప్పు చేసి మాత్రం వద్దు. మీరు ఇంట్లో ఉండి ఆయన్ని ఒక్కరినే పంపకండి. తిరిగొచ్చాక ఆయన చెప్పేది జన్మంతా మీరే వినాలి.

ప్రశ్న: గ్రహణం రోజు గర్భిణులు కదలకూడదని మా అత్తగారు ఇప్పటినుంచే జాగ్రత్తలు చెబుతున్నారు. నాకింకా ఆ విశేషమే లేదు మేడమ్!
– పేరు వద్దు

జవాబు: ఆవిడ ఆశ దేని మీదో నాకర్థమైంది, నీకూ అర్థమయ్యే ఉంటుంది! గ్రహణం వేళ సూర్యుడి నుంచి కొత్త కిరణాలేవీ పుట్టవు. రోజూ వచ్చే కాంతే కొంచెం తక్కువగా వస్తుంది. కడుపులో బిడ్డకు దానివల్ల ఏ హానీ లేదు. కళ్ల జాగ్రత్త ఒక్కటే అవసరం, అది మగవాళ్లకైనా ఒకటే. అత్తగారితో వాదన పెట్టుకోకుండా ఆవిడకి కూడా ఒక గ్రహణం కళ్లద్దాల జత తెప్పించు. చూడాలని ఆవిడకి మాత్రం ఉండదా?

ప్రశ్న: నమస్తే టీచర్. నేను ఆరో తరగతి. మా నాన్న పాత ఎక్స్‌రే ఫిల్ముతో చూడొచ్చా? మా ఫ్రెండు రెండు కూలింగ్ గ్లాసులు ఒకదానిమీద ఒకటి పెట్టుకుంటే చాలంటున్నాడు. చూస్తే కళ్లు పోతాయని అమ్మ అంటోంది. నాకు చూడాలనే ఉంది.

జవాబు: బాబూ, ఎక్స్‌రే ఫిల్ము వద్దు. కూలింగ్ గ్లాసులు రెండు కాదు పది పెట్టుకున్నా వద్దు. మసి పట్టిన గాజు, సీడీ, నీళ్లలో ప్రతిబింబం ఇవేవీ వద్దు. ఇవి వెలుగును తగ్గించినట్టే ఉంటాయి గానీ కంటికి కనిపించని పరారుణ కిరణాలను ఆపుతాయన్న నమ్మకం లేదు. మీ అమ్మ భయం ఉత్తదేమీ కాదు. కంటి వెనకాల రెటీనా అనే పొర ఉంటుంది. దానికి నొప్పి తెలియదు. కాలుతున్నా నీకు తెలియదు. కొన్ని గంటల తర్వాత చూపు మధ్యలో మసకో మచ్చో కనిపిస్తుంది. కొందరికి అది ఎప్పటికీ పోదు.

ఐఎస్‌ఓ 12312-2 అని ముద్ర ఉన్న గ్రహణం కళ్లద్దాలు కొనమని నాన్నగారికి చెప్పు. కంటికి కనిపించే వెలుగులో ముప్పై వేలవ వంతు కూడా వాటిలోంచి రాకూడదని ఆ నియమం. దొంగ ముద్రలూ ఉంటాయి కాబట్టి ఇంట్లోనే పరీక్షించు. వాటిలోంచి చూస్తే ఇంట్లో మామూలు వస్తువులేవీ కనిపించకూడదు. గీత పడినా, చిల్లి పడినా పారేయాలి. అవి పెట్టుకుని బైనాక్యులర్‌లోంచో టెలిస్కోపులోంచో చూశావంటే మరీ ప్రమాదం, పోగైన వేడికి ఫిల్టరే కాలిపోవచ్చు.

కళ్లద్దాలు దొరకకపోతే అట్టముక్కకి సూదితో బెజ్జం పెట్టు. సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, ఆ బెజ్జంలోంచి వచ్చే వెలుగును తెల్ల కాగితం మీద పడనివ్వు. కొరికిన సూర్యుడి బొమ్మ పడుతుంది. చెట్టు కింద కూడా చూడు. ఆకుల సందుల్లోంచి నేలమీద పడే వెలుగు చుక్కలన్నీ ఆ రోజు గుండ్రంగా ఉండవు, ప్రతిదీ ఒక చిన్న గ్రహణమే. అమ్మని కూడా చెట్టు కిందికి తీసుకెళ్లు.

ప్రశ్న: ఎమ్మెస్సీ చదివినవాణ్ణి. గ్రహణమంటే నీడ అని నాకు తెలుసు, పిల్లలకు చెబుతాను కూడా. అయినా ఆ రోజు దగ్గరపడుతున్న కొద్దీ ఏదో గుబులు. బయటికి చెబితే నవ్వుతారు. చదువుకున్నందుకు ఇదేం ఖర్మ?
– ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: నేను నవ్వను. కారణం తెలిసినంత మాత్రాన ఒళ్లు జలదరించడం మానదు. పట్టపగలు చీకటి పడితే పక్షులు గూళ్లకు చేరతాయి, గాలి చల్లబడుతుంది. మీ ఒక్కరికే ఏమీ అనిపించకూడదంటే ఎలా?

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం దారి మన తెలుగు నేల మీదుగానే పోయింది. హైదరాబాద్‌కు దగ్గర్లోని జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ కూడా ఆ దారిలోనే ఉంది. నేనప్పుడు స్కూల్లో చదువుకుంటున్నాను. ఇంట్లో తలుపులూ కిటికీలూ బిగించారు. నాన్నగారు లెక్కల మాస్టారు. గ్రహణం ఏ నిమిషంలో పడుతుందో వారం ముందే కాగితం మీద వేసి చూపించారు. ఆ కిటికీలు బిగించింది కూడా ఆయనే. అందులో నాకు వైరుధ్యమేమీ కనబడలేదు, ఇప్పటికీ కనబడదు. నా బాధల్లా సందులోంచి కూడా చూడనివ్వలేదనే.

అంతకు నూట పన్నెండేళ్ల ముందు, 1868 ఆగస్టు 18న ఫ్రాన్సు నుంచి జూల్స్ జాన్సెన్ అనే శాస్త్రవేత్త ఇంకో సంపూర్ణ గ్రహణం కోసం పనిగట్టుకుని గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే మంటలను, వెలుగును రంగుల గీతలుగా విడదీసి చూపే స్పెక్ట్రోస్కోపుతో చూశాడు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని ఆయనకు తట్టింది. మర్నాడు మామూలు ఎండలోనే చూశాడు. ఆ ఏడాదే ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా అదే పద్ధతి కనిపెట్టాడు. సూర్యుడి వెలుగులో ఒక పసుపు గీత భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోకపోవడంతో దానికి కారణమైన మూలకానికే హీలియం అని పేరొచ్చింది. అది భూమి మీద దొరికింది 1895లో. గుంటూరులో ఆ రోజు జాన్సెన్‌కి గుబులు లేదని ఎవరు చెప్పగలరు? అంత దూరం వచ్చాక మబ్బు పడుతుందేమోనన్న గుబులైనా ఉండే ఉంటుంది.

గుబులు ఉంటే ఉండనివ్వండి. దానికి లొంగి గదిలో కూర్చోవద్దు, అంతవరకే నా సలహా. పిల్లల్ని వెంటపెట్టుకుని బయటికి రండి. వాళ్లడిగే ప్రశ్నలకు జవాబు చెబుతూ ఉంటే మీ గుబులు సంగతి మీకే గుర్తుండదు.

ప్రశ్న: సెల్‌ఫోన్‌తో ఫొటో తీయవచ్చా మేడమ్?

జవాబు: గ్రహణం కళ్లద్దం ఒకటి లెన్సుకి అడ్డంపెట్టి తీయవచ్చు. చిన్న నారింజ చుక్క వస్తుంది. దానికన్నా చెట్టు కింద నేలను తీస్తే ఫొటో బాగుంటుంది. లక్సర్ వెళ్లేవాళ్లు మాత్రం ఫోను జేబులోనే ఉంచుకోండి, మీకన్నా బాగా తీసేవాళ్లు పక్కనే వందలమంది ఉంటారు.

ప్రశ్న: అన్నీ బాగానే ఉన్నాయి. ఆ రోజు మబ్బు పడితే?

జవాబు: ఆగస్టు కదా, మనకు పడే అవకాశమే ఎక్కువ. 2009 జులై 22న పట్నా దగ్గర తారేగ్నాలో వేలమందితో కలిసి తెల్లవారుజామునుంచి నిలబడ్డాను. ఆకాశమంతా మబ్బు. సూర్యుడు కనిపించలేదు గానీ చీకటి మాత్రం టైముకి వచ్చింది, మూడు నిమిషాల పైన ఉండి, టైముకే పోయింది. జనం ఈలలు వేశారు. మా పక్కనున్న కుర్రాడు మాత్రం డబ్బులు వాపసు అడగాలన్నాడు, ఎవరినో తెలియక ఊరుకున్నాడు.

ఈసారి తప్పిపోతే 2031 మే 21న కేరళ, తమిళనాడుల్లో వలయాకార గ్రహణం, అంటే సూర్యుడి అంచు ఉంగరంలా మిగిలిపోయే గ్రహణం ఉంది. దానికి కళ్లద్దాలు ఒక్క క్షణం కూడా తీయకూడదు. సంపూర్ణ గ్రహణమే కావాలంటే 2034 మార్చి 20న కార్గిల్ వైపు వెళ్లాలి. అప్పటికి నా మోకాళ్లు సహకరించేలా లేవు గానీ, వెళ్లేవాళ్లు స్వెట్టర్లు మరవకండి. మార్చిలో అక్కడ ఇంకా మంచు ఉంటుంది.