ఢిల్లీలో ఒక చిత్తూరు ఇల్లు

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల 1950లలో ఢిల్లీలో గడిచిన నా చిన్నతనం గురించి ఒక పేజీ రాశాను. దానికి చిత్తూరు, తిరుపతి వైపు నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందరికీ విడివిడిగా జవాబు రాయలేను కాబట్టి కొన్ని ప్రశ్నలు ఇక్కడే తీసుకుంటున్నాను. ఉత్తరాలు పొడుగ్గా ఉన్నచోట కుదించాను.

ప్రశ్న: మీది చిత్తూరు అంటారు, పెరిగింది ఢిల్లీలో అంటారు. ఆ రోజుల్లో ఇక్కడి నుంచి అంత దూరం ఎలా వెళ్ళారు? అక్కడ ఎక్కడ ఉన్నారు?
– ఒక పాఠకుడు, కొంగారెడ్డిపల్లె, చిత్తూరు

మా నాయనకు కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఆయన ముందు వెళ్ళి, ఇల్లు చూసుకుని, 1954 ఎండాకాలంలో మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చాడు. నాకు ఆరేళ్ళు, తమ్ముడికి మూడు. చిత్తూరులో మీటరుగేజి రైలెక్కి కాట్పాడిలో దిగాం, అక్కడ పెద్ద రైలు పట్టుకుని మద్రాసు సెంట్రల్ చేరాం, అక్కడి నుంచి గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్. అందరూ జీటీ అనేవాళ్ళు. దాదాపు 2200 కిలోమీటర్లు, రెండు రాత్రులు, బొగ్గు ఇంజను. కిటికీ పక్కన కూర్చుంటే కంట్లో బొగ్గు నలుసులు పడతాయని అమ్మ అరుస్తూనే ఉంది, నేను అక్కడే కూర్చున్నాను. బెజవాడలో ప్లాట్‌ఫారం మీద కేకలన్నీ తెలుగే. కాజీపేట దాటి కొంతదూరం పోయాక తెలుగు ఆగిపోయింది. అమ్మ ముఖం మారింది ఆ తర్వాతే. అది నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకో మాత్రం అప్పుడు తెలీదు.

మా సామానులో ఒక రుబ్బురోలు ఉంది, పొత్రంతో సహా! గోనెసంచుల్లో చుట్టి, తాడుతో కట్టి, కూలీకి ఇస్తే అతను రెండుసార్లు కింద పెట్టి ఇందులో ఏముందని అడిగాడు. నాయన వద్దంటే వద్దన్నాడు. అది లేకపోతే నేను రానంది అమ్మ. దాంతోపాటు ఏడాదికి సరిపడా చింతపండు, ఊరగాయ జాడీలు, మన చిత్తూరు బెల్లం దిమ్మలు.

మొదట కరోల్‌బాగ్‌లో మేడ మీద ఒక గది. దాన్ని అక్కడ బర్సాతీ అంటారు. అప్పట్లో దక్షిణాది వాళ్ళు ఎక్కువగా ఉండేది అక్కడే, అందుకే కరివేపాకు, కాఫీ గింజలు దొరికేవి. రెండేళ్ళకు వినయ్‌నగర్‌లో క్వార్టరు ఇచ్చారు. ఇప్పుడు దాన్ని సరోజినీనగర్ అంటున్నారు. అక్కడ పొద్దున ఆఫీసు వేళకు రోడ్డు నిండా సైకిళ్ళే. అందరి నాయనలూ ఒకే వైపు తొక్కుకుంటూ పోయేవాళ్ళు, నేను గడపలో నిలబడి మా నాయన సైకిలు కనిపించినంత దూరం చూసేదాన్ని.

ప్రశ్న: ఢిల్లీ ఎండ, ఢిల్లీ చలి గురించి వింటేనే భయం వేస్తుంది. చిన్నపిల్లలతో మీ అమ్మగారు ఎలా నెగ్గుకొచ్చారు?
– ఒక గృహిణి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

ఎండ మాకు కొత్త కాదు గానీ ఆ గాలి కొత్త. దాన్ని లూ అంటారు, పొయ్యి దగ్గర నుంచి వచ్చినట్టు ముఖానికి కొడుతుంది. మధ్యాహ్నం తలుపులన్నీ మూసేసి, వసతి ఉన్నవాళ్ళు వాకిలికి, కిటికీలకు ఒక రకం తడకలు కట్టి వాటిమీద నీళ్ళు చల్లేవాళ్ళు. ఖస్ తట్టీ అంటారు వాటిని. మొదటి ఎండాకాలం ఎదురింటి వాళ్ళు తడకకు నీళ్ళు కొడుతుంటే ఆ వాసన మా గదిలోకి వచ్చింది. అమ్మ చేస్తున్న పని ఆపేసి, చెంగు సర్దుకుని, భాష రాకపోయినా వాళ్ళింటికి వెళ్ళి ఆ తడకను చేత్తో పట్టుకుని చూసింది. తిరిగొచ్చి, "మన వట్టివేరే గదే!" అంది. మా అవ్వ తాగేనీళ్ళ కుండలో వట్టివేళ్ళు చిన్న కట్ట కట్టి వేసేది. అదే మొక్క వేరు, అదే వాసన. ఢిల్లీ వెళ్ళాక అమ్మ నవ్వడం నేను చూసింది ఆ రోజే.

రాత్రి ఎవరూ లోపల పడుకోరు. సాయంత్రం నేలమీద నీళ్ళు చల్లి, క్వార్టర్ల ముందు గడ్డిలో నవారు మంచాలు వరసగా వేసేవాళ్ళం. మట్టి కూజాలో చల్లటి నీళ్ళు. ఏ మంచం ఎవరిదో తెలీనంత దగ్గరగా నలభై యాభై కుటుంబాలు నిద్రపోయేవి. అర్ధరాత్రి ఆంధీ వచ్చిందంటే, అంటే దుమ్ముగాలి, అందరూ పరుపులు నెత్తిన పెట్టుకుని లోపలికి పరుగు.

చలి మాత్రం అమ్మను ఏడిపించింది. అంతకుముందు ఆమె స్వెట్టరు అనేది వేసుకోలేదు. కింద వాటాలో ఒక పంజాబీ పెద్దావిడ ఉండేది, అందరం బీజీ అనేవాళ్ళం. దేశవిభజనప్పుడు రావల్పిండి నుంచి వచ్చేసిన కుటుంబం. డిసెంబరు ఎండలో మేడ మీద కూర్చోబెట్టుకుని అమ్మకు ఊలు అల్లడం నేర్పింది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి పూర్తిగా రాదు, అయినా సూదులు ఆడుతూనే ఉండేవి. ఒకరోజు ఊరి నుంచి ఉత్తరం వచ్చి అమ్మ కన్నీళ్ళు పెట్టుకుంటే, బీజీ అన్న మాట నేనే అమ్మకు తెలుగులో చెప్పాను: "మీ ఊరికి రైలుంది. మా ఊరికి లేదు." ఏడేళ్ళ పిల్లను, విన్నది తెలుగులోకి మార్చి చెప్పేశానంతే. అమ్మ ఏమీ అనలేదు. మర్నాడు మాకు రుబ్బిన ఇడ్లీ పిండిలో నుంచి ఆమెకు ఒక గిన్నె తీసుకెళ్ళమంది. అప్పటి నుంచి వాళ్ళ పిండి ముద్దలు సందు చివర తందూరుకు తీసుకెళ్ళి రొట్టెలు కాల్పించుకురావడం నా పని, వాళ్ళమ్మాయితో కలిసి. దారిలో ఒక రొట్టె తినేయొచ్చు, అది మా కూలి.

చలికాలం సాయంత్రం శనక్కాయల వాళ్ళు వచ్చేవాళ్ళు. ఇసకలో వేయించిన కాయల కుప్ప, దాని మీద నిప్పులున్న చిన్న మట్టికుండ, కాయలు చల్లారకుండా. దగ్గరికి పోతేనే చేతులు వెచ్చబడేవి. మేము అడిగితే అమ్మ ససేమిరా కొనేది కాదు. "కల్లంలో కుప్పలు పోసుకునే ఇంటి పిల్లలు, శనక్కాయలు డబ్బులిచ్చి కొంటారా?" అనేది. నాయనే ఆఫీసు నుంచి వస్తూ కోటు జేబులో వేసుకుని తెచ్చేవాడు.

ప్రశ్న: నేను శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎమ్.ఏ. తెలుగు చదువుతున్నాను. హిందీ బడిలో చదివిన మీకు ఇంత తెలుగు ఎలా నిలిచింది మేడమ్?
– ఒక విద్యార్థిని, తిరుపతి

ఉత్తరాల వల్ల తల్లీ. ఢిల్లీలో తెలుగువాళ్ళకు బడి లేకపోలేదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1948లోనే ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టారు. కానీ మేం వెళ్ళింది ఇంటికి దగ్గరలో ఉన్న హిందీ బడికి. ఇంట్లో అమ్మ ఒకటే నియమం పెట్టింది: ఊరికి ఏ ఉత్తరం రాసినా చివర రెండు వరసలు మేం రాయాలి, తెలుగులోనే. అవ్వకు చదువు రాదు, తాత చదివి వినిపించేవాడు. హిందీ అలవాటుతో నేను తెలుగు అక్షరాలు రాసి వాటన్నిటి మీద అడ్డంగా ఒక గీత గీసేదాన్ని. తాత జవాబు రాశాడు: "మన అక్షరాలు తలకట్టు పెట్టుకుంటాయమ్మా, దండెం మీద వేలాడవు." ఆ కార్డు నా దగ్గర ఇంకా ఉంది.

నాయన పద్ధతి వేరు. రేడియోలో తెలుగు వార్తలు ఢిల్లీ నుంచే వచ్చేవి కదా, వార్తలయ్యాక ఏం విన్నావో చెప్పమనేవాడు. మన వాళ్ళ పేర్లు వస్తే ఆయనకు పొంగు. 1956లో మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు లోక్‌సభ స్పీకరయ్యారు, 1962 దాకా ఆయనే. "మన తిరుపతాయన కూర్చోమంటే నెహ్రూ గారైనా కూర్చోవాలి" అని నాయన ఆఫీసులో చెప్పుకునేవాడట. 1962లో రాధాకృష్ణన్ గారు రాష్ట్రపతి అయితే ఆయన్నీ మా లెక్కలోకి వేసుకున్నాం. ఆయన పుట్టిన తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోదే, పైగా ఆయన కొన్నాళ్ళు తిరుపతిలో చదువుకున్నారు. ఇంటికి దూరంగా ఉన్నవాళ్ళకు ఇలాంటి లెక్కలు చాలా ముఖ్యం.

ప్రశ్న: అప్పటి ధరలు, అణాలు, కానులు గుర్తున్నాయా?
– ఒక పాఠకుడు, కట్టమంచి

ధరలు చెబితే తప్పులు పోతాయి. డబ్బులు మారిన రోజు మాత్రం బాగా గుర్తు: 1957 ఏప్రిల్ 1. అంతవరకు రూపాయికి పదహారణాలు, ఆ రోజు నుంచి వంద నయాపైసలు. అణాకు ఆరు నయాపైసలు, రెండణాలకు పన్నెండు, పావలాకు ఇరవై అయిదు. ఇక్కడే తిరకాసు. నాలుగు అణాలూ ఒకేసారి మారిస్తే ఇరవై అయిదు వస్తాయి, ఒక్కో అణా విడిగా మారిస్తే ఇరవై నాలుగే! ఇది కనిపెట్టిన మా వీధి పిల్లలు అణాలు కూడబెట్టి నాలుగైతే గానీ బయటికి తీసేవాళ్ళు కాదు. చాందినీచౌక్‌లో ట్రాము కూడా ఉండేది, 1963లో తీసేశారు. అందులో నేను ఎక్కింది మూడు నాలుగుసార్లే, గంట మోత తప్ప ఏమీ గుర్తులేదు.

ప్రశ్న: నాకు 76 ఏళ్ళు. నాయన ఉద్యోగం వల్ల కాన్పూరులో పెరిగాను. ఆ రోజులే బాగుండేవి అంటే మా పిల్లలు కొట్టిపారేస్తున్నారు. చెప్పడం మానుకోవాలా?
– ఒక పెద్దాయన, భవానీనగర్, తిరుపతి

మానొద్దండీ. కాకపోతే "బాగుండేవి" అనే మాట ఒక్కటి పక్కన పెట్టి చెప్పి చూడండి. నేనూ మొదట్లో నా మనవళ్ళకు మంచాలు, రొట్టెలు, శనక్కాయలే చెప్పేదాన్ని. వాళ్ళు ఫోను చూసుకునేవాళ్ళు. ఒకసారి కామెర్ల సంగతి చెబితే ఫోను పక్కన పెట్టారు.

1955 చివర యమునలో వరద తీశాక నది దారి మారి, మురుగునీరు వజీరాబాద్ దగ్గర ఊరికి నీళ్ళు తోడే చోటికి వచ్చి చేరింది. ఆ శీతాకాలం ఢిల్లీలో దాదాపు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. అందులో మా తమ్ముడొకడు. నాలుగేళ్ళవాడు, కళ్ళు పసుపు పచ్చగా, అన్నం చూస్తే ముఖం తిప్పుకునేవాడు. ఆసుపత్రిలో గంటలకొద్దీ నిలబడి చూపించుకొస్తే, అమ్మ రాత్రంతా కూర్చునే ఉండేది. ఊళ్ళో అవ్వ నేలఉసిరి ఆకు ఎండబెట్టి పోస్టులో పంపింది, అది చేరేసరికి వాడు లేచి తిరుగుతున్నాడు. అప్పటి నుంచి అమ్మ కాచని నీళ్ళు ఎవరికీ ఇవ్వలేదు, చిత్తూరు తిరిగొచ్చాక కూడా.

ఇంకోటి. బడిలో మమ్మల్ని మద్రాసీ అని ఏడిపించేవాళ్ళు. మేం వెళ్ళేనాటికే ఆంధ్ర రాష్ట్రం వచ్చి కొన్ని నెలలైంది, నాయన చెప్పమన్నట్టు నేను ఆ మాటే చెబితే ఇంకా నవ్వారు. వేసవి సెలవుల్లో చిత్తూరు వస్తే, గంగజాతరలో మా చిన్నాన్న పిల్లలు నన్ను "ఢిల్లీ పిల్ల" అని తమ జట్టులోకి రానిచ్చేవాళ్ళు కాదు. రెండు చోట్లా పక్కనే నిలబడ్డాను, అది బాధగానే ఉండేది. ఇవన్నీ చెప్పాక రొట్టెల సంగతి చెబితే పిల్లలు నమ్ముతున్నారు. కాన్పూరులో మీకు దెబ్బ తగిలిన చోటు కూడా వాళ్ళకు చెప్పండి.

ప్రశ్న: మీ రాతల్లో అంతా అమ్మే. ఇంతకీ ఆమెకు ఢిల్లీ నచ్చిందా? మీరు మళ్ళీ వెళ్ళారా?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

వెళ్ళాను. సరోజినీనగర్‌లో పాత క్వార్టర్లు పడగొట్టి పెద్ద పెద్ద భవనాలు కడుతున్నారు. మా గడప ఎక్కడుండేదో కనిపెట్టలేకపోయాను.

అమ్మ నచ్చిందనీ అనలేదు, నచ్చలేదనీ అనలేదు. 1965లో నాయనకు మద్రాసు బదిలీ అయినప్పుడు రుబ్బురోలు బీజీకి ఇచ్చేసింది. తిరిగి మోసుకురావాలని ఒక్కసారి కూడా అనలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళకు, నాయన పోయాక, చిత్తూరులో మా ఇంట్లో ఉండేది. జనవరి వస్తే పొద్దుగూకేవేళ శాలువా కప్పుకుని అరుగు మీద కూర్చుని, నా కొడుకు చేతికి డబ్బులిచ్చి, గాంధీబొమ్మ దగ్గర వేయించిన శనక్కాయలు తెమ్మనేది. మా పొలం కాయలు ఇంట్లో బస్తా నిండా ఉండగానే. వాడు పొట్లం తెచ్చిస్తే రెండు చేతులతో కాసేపు పట్టుకుని, "వేడి లేదురా" అనేది. మర్నాడు మళ్ళీ పంపేది.