సమాధానం: మ్యాగజైన్ సీడీలోని డీజే మిక్స్ రిప్ చేస్తే గ్యాపులు, చివర్లో తెగిపోవడం

మ్యాగజైన్‌తో వచ్చిన సీడీలోని డీజే మిక్స్‌ని (పాటలు ఆగకుండా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేది) కంప్యూటర్లోకి ఎక్కిస్తే, అంటే రిప్ చేస్తే, పాటల మధ్య గ్యాపులు వస్తున్నాయని, చివరి రెండు ట్రాకులు తెగుతున్నాయని అడిగారు. మీవి రెండు వేర్వేరు సమస్యలండి. ఎంపీ3గా రిప్ చేశాక పాట మారేచోట గ్యాప్ రావడం డిస్కు తప్పు కాదు. ఎంపీ3గా మార్చే ఎన్‌కోడర్ 1152 శాంపిళ్ల (శాంపిల్ అంటే శబ్దం తాలూకు ఒక్కో కొలత) ముక్కలుగా పనిచేస్తుంది. ట్రాకు సరిగ్గా ముక్క హద్దు దగ్గరే ముగియదు కనుక మొదట్లో, చివర్లో నిశ్శబ్దం అతికిస్తుంది. విడి పాటల్లో తెలియదు గానీ, బీటు ఆగకుండా సాగే మిక్స్‌లో ప్రాణం తీస్తుంది. కాబట్టి ట్రాకులుగా విడగొట్టకండి. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే రిప్పింగ్ సాఫ్ట్‌వేర్లో సెక్యూర్ మోడ్ (తప్పులు పట్టుకుంటూ జాగ్రత్తగా చదివే పద్ధతి) పెట్టి, యాక్షన్ మెనూలో ‘కాపీ ఇమేజ్ అండ్ క్రియేట్ క్యూ షీట్’ ఎంచుకోండి. మొత్తం ఒకే వేవ్ ఫైలు వస్తుంది, 74 నిమిషాలకు సుమారు 750 ఎంబీ. పాటల హద్దులు క్యూ ఫైల్లో ఉంటాయి. ఫూబార్2000 అనే మ్యూజిక్ ప్లేయర్లో ఆ క్యూ ఫైల్నే తెరవండి.

ఇక చివరి రెండు ట్రాకులు తెగడం. సీడీ లోపలి నుంచి బయటికి చదువుతుంది, అంటే తేడా అంచు వైపే. బీచ్ రోడ్డులో ఇల్లంటున్నారు, విశాఖ చెమ్మకి డిస్కు మీద బూజు మామూలే. ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టి చూడండి. సూదిమొనంత చుక్కల్లోంచి వెలుతురు వస్తే అద్దపు పూత పోయినట్టే, ఏ పాలిషూ పనిచేయదు. మసక మరకలే అయితే డిస్టిల్డ్ నీళ్లలో చుక్క డిష్‌వాష్ లిక్విడ్ కలిపి, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి. గుండ్రంగా మాత్రం వద్దు: డిస్కు మీద డేటా చుట్టూ తిరిగే దారి వెంబడి పొడుగ్గా పడిన గీతని ఎర్రర్ కరెక్షన్ (చదవడంలో తప్పుల్ని డ్రైవే సర్దుకునే ఏర్పాటు) సరిదిద్దలేదు. బొమ్మ ముద్రించిన వైపు గోరు కూడా తగలనివ్వకండి, అద్దపు పూత ఆ బొమ్మ అడుగున పలుచటి వార్నిష్ పొర కిందే ఉంటుంది. ఆరాక డ్రైవ్ చదివే స్పీడు 4ఎక్స్‌కి (మామూలు ప్లేయర్ వేగానికి నాలుగింతలు) దించి మళ్లీ రిప్ చేయండి. అప్పటికీ తెగితే వేరే డ్రైవ్‌లో పెట్టి చూడండి. ఒకటి చదవలేనిది ఇంకోటి చదివేయడం తరచూ జరిగేదే.