కాళ్ల మీద ఎర్రని గడ్డలు: కారణం తేలకముందే స్టెరాయిడ్ వద్దు

ప్రశ్న: నా వయసు 29 ఏళ్లు. పది రోజులుగా రెండు కాళ్లకూ మోకాళ్ల కింద, ముందువైపు ఎముక మీద ఎర్రని గడ్డలు లేచాయి. దుప్పటి తగిలినా నొప్పిగా ఉంటోంది. చీలమండలు వాస్తున్నాయి, సాయంత్రం ఒళ్లు వెచ్చబడుతోంది. అంతకు రెండు వారాల ముందు గొంతునొప్పి వచ్చి తగ్గింది. మందుల షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలు రెండు రోజులు వేసుకుంటే తగ్గి, మానగానే మళ్లీ వచ్చాయి. రక్తం చెడిందని ఇంట్లో అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: రక్తం చెడటం వల్ల ఇవి రావు. మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది ‘ఎరితీమా నోడోసమ్’ కావచ్చు. అయితే కాళ్లను స్వయంగా చూసిన వైద్యులే దానిని నిర్ధారించాలి. చర్మం కింది కొవ్వు పొరలో వచ్చే వాపు ఇది. శరీరంలో మరెక్కడో ఉన్న ఇన్ఫెక్షన్‌కో, వాడుతున్న మందుకో మన రోగనిరోధక వ్యవస్థ స్పందించే తీరు ఇలా కాళ్ల మీద బయటపడుతుంది. పురుషుల కంటే స్త్రీలలో, ముఖ్యంగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య వారిలో ఎక్కువ. గడ్డలు సాధారణంగా చీము పట్టవు, పుండ్లు పడవు. ఎరుపు తగ్గి, దెబ్బ తగిలి కమిలిన చోటులా నీలి, పసుపు రంగుల్లోకి మారి, చాలామందిలో 3 నుంచి 6 వారాల్లో మచ్చ లేకుండా మానిపోతాయి.

మీ విషయంలో గొంతునొప్పిని ముఖ్యమైన ఆధారంగా చూడాలి. స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల గొంతు ఇన్ఫెక్షన్ వచ్చిన రెండు, మూడు వారాలకు ఈ గడ్డలు రావడం తరచూ కనిపించేదే. అయినా అంతటితో ఊరుకోకూడదు. మన దేశంలో క్షయ కూడా దీనికి ముఖ్యమైన కారణం కనుక, రక్త పరీక్షలు, ఇటీవల స్ట్రెప్టోకాకస్ సోకిందేమో తెలిపే ఏఎస్‌ఓ పరీక్షతో పాటు ఛాతీ ఎక్స్‌రే, క్షయ కోసం చర్మం మీద చేసే మాంటూ పరీక్ష చేయించడం అవసరం. గర్భనిరోధక మాత్రలు, సల్ఫా మందులు (ఒక రకం యాంటీబయాటిక్‌లు), గర్భం, పేగుల్లో దీర్ఘకాలిక వాపు, సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తుల వంటి అవయవాల్లో చిన్న చిన్న వాపు గడ్డలు ఏర్పడే జబ్బు) కూడా కారణాలు కావచ్చు కాబట్టి, మీరు వాడుతున్న మందులన్నిటినీ, నెలసరి తప్పి ఉంటే ఆ సంగతినీ వైద్యులకు దాచకుండా చెప్పండి.

స్టెరాయిడ్ మాత్రలను మళ్లీ సొంతంగా వేసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. అవి వాపును అణచివేస్తాయి కానీ, లోపల క్షయ ఉంటే దానిని ముదిరేలా చేస్తాయి. కొందరికి వాటి అవసరం ఉండవచ్చు; ఆ నిర్ణయం ఇన్ఫెక్షన్ లేదని తేలాకే జరగాలి. ప్రస్తుతానికి విశ్రాంతి తీసుకుని, పడుకున్నప్పుడు కాళ్ల కింద దిండ్లు పెట్టుకోండి. ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు ఉపశమనం ఇస్తాయి గానీ, కడుపులో పుండ్లు, మూత్రపిండాల జబ్బు, ఆస్తమా, గర్భం ఉన్నవారు వైద్యులను అడగకుండా వాడకూడదు. గడ్డలను పిసకడం, కాపడం పెట్టడం, పసర్లు కట్టడం మానండి.

గడ్డలు పిక్కల మీద వచ్చి పుండ్లు పడినా, ముఖానికీ చేతులకూ పాకినా, ఎక్కడైనా స్పర్శ తగ్గిన మచ్చ కనిపించినా అది వేరే జబ్బు కావచ్చు. కుష్ఠువ్యాధిలోనూ ఇలాంటి గడ్డలు లేస్తాయి, దానికి పూర్తి చికిత్స ఉంది. ఒక్క కాలే ఉన్నట్టుండి బాగా వాచి, ఎరుపు వేగంగా పాకుతూ తీవ్ర జ్వరం వచ్చినా, ఆయాసం తోడైనా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. అలాంటివేమీ లేకపోయినా, ఈ వారంలోనే చర్మవ్యాధి నిపుణులను కలవండి. వేసుకున్న స్టెరాయిడ్ మాత్రల అట్టను కూడా వెంట తీసుకెళ్లండి.