పదిహేడో వారం

"దగ్గరివాళ్ళు పోయాక ఏ పుస్తకం చదివితే మనసు కుదుటపడుతుంది?" అని అడిగారు. నాకు పనిచేసిన పుస్తకం ఒకటుంది. దాని పేరు చెప్పమంటే మాత్రం చెప్పలేను. రాసినవారి పేరూ తెలియదు. మొదటి పేజీ పురుగులు తినేశాయి.

పనిచేయనివి ముందు చెప్తాను. పోయిన మాఘంలో మా అమ్మ పోయింది. పలకరింపుకొచ్చినవాళ్ళు అరటిపళ్ళతో పాటు మూడు పుస్తకాలు కూడా పెట్టి వెళ్ళారు. ఒకదాని ప్రకారం దుఃఖానికి అయిదు మెట్లట, ఒక్కోటీ దిగిపోవచ్చట. నేను పదిహేను పేజీలు చదివి మంచం కింద పెట్టాను, ఇప్పటికీ అక్కడే ఉండాలి. ఇక వాట్సాప్‌లో "ఆత్మకి చావు లేదు" అని ఎంతమంది పంపారో లెక్కలేదు. ఆత్మకి చావు లేదు, సరే. పులుసులో ఉప్పు చూసి చెప్పే మనిషి లేదు కదా! దయచేసి చావింటికి పుస్తకాలు తీసుకెళ్ళకండి. ఇడ్లీలు తీసుకెళ్ళండి.

పంతులుగారు సాయంత్రాలు గరుడపురాణం చదివారు. ఆయన తప్పేమీ లేదు, అది ఆనవాయితీ. కానీ వైతరణి దగ్గరికొచ్చేసరికి, ఆ చీమూ నెత్తురూ వర్ణన వింటూ మా నాన్న లేచి వరండాలోకి వెళ్ళిపోయారు. "చీమలకి కూడా చక్కెర వేసిన మనిషికి ఇవన్నీ ఎందుకురా" అన్నారు నాతో. ఆ తర్వాత నెల రోజులు ఆయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

మాది చీరాల. నాన్న చేనేత సొసైటీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. హైదరాబాద్ రమ్మంటే రారు. అందుకని ప్రతి మాసికానికీ నేనే వెళ్ళి రెండు రోజులుండి వచ్చేవాణ్ణి. రెండో మాసికానికి వెళ్ళినప్పుడు అమ్మ ట్రంకుపెట్టె తెరిచాను. పట్టుచీరల కింద, కలరా ఉండల వాసనలో, ఒక బైండు పుస్తకం.

అరవై దాటిన పాఠకులకి ఇది కొత్త కాదు. వీక్లీలో వచ్చే సీరియల్‌ని వారం వారం జాగ్రత్తగా చింపి, దాచి, అయిపోయాక బైండు చేయించుకునేవారు. దారంతో కుట్టి, మైదా జిగురులో మయిలుతుత్తం కలిపి, గట్టి అట్ట వేసి ఇచ్చేవాడు బైండరు. మయిలుతుత్తం ఉంటే పురుగు పట్టదంటారు. మొదటి పేజీ పోయింది కాబట్టి మా బైండరు అందులో పొదుపు చేశాడని నా అనుమానం. యద్దనపూడి, మాదిరెడ్డి, కోడూరి కౌసల్యాదేవి రాస్తున్న కాలం అది. వంటింటి నవలలని వెక్కిరించిన పెద్దమనుషులు చాలామంది. ఆ వెక్కిరించినవాళ్ళ పుస్తకాలు ఎవరైనా ఇంత శ్రద్ధగా చింపి బైండు చేయించుకున్నారా అని అడగాలనిపిస్తుంది.

నాన్నకి శుక్లాలు. ఆపరేషన్ అమ్మ పోవడంతో వాయిదా పడింది. "ఏవిట్రా అది, చదువు" అన్నారు, ఊరికే, పొద్దుపోక. జీవితంలో ఆయన నవల చదివిన పాపాన పోలేదు. నేను నలభై ఆరేళ్ళవాణ్ణి, ఎనభై ఏళ్ళ తండ్రి ఎదురుగా కూర్చుని, కథానాయకుడు కథానాయిక జడని చూసి ఏమనుకున్నాడో పైకి చదవడం ఎంత ఇబ్బందో మీరే ఊహించుకోండి. ఆ ముక్కలు నేను దాటేస్తుంటే ఆయన కనిపెట్టేసేవారు. "మధ్యలో ఏదో మింగావు" అనేవారు. పేజీల వెనకవైపు సగం తెగిన వారఫలాలుండేవి. 1977లో తన రాశికి ప్రయాణ లాభం ఉందని తెలిసి, "ఎక్కడికీ వెళ్ళలేదే" అని కాసేపు ఆలోచించారు.

అలా నెలకి మూడు వారాలు, ఒక్కోసారి నాలుగు. మొత్తం నలభై మూడు వారాల సీరియల్.

పదిహేడో వారం దగ్గర వీక్లీ కాగితం లేదు. దాని స్థానంలో నీలం గీతల లెడ్జరు కాగితం ఒకటి మడిచి కుట్టేసి ఉంది. అమ్మ చేతిరాత. "గాలివాన వల్ల ఈ వారం పుస్తకం రాలేదు. అక్క గుంటూరు నుంచి రాసిన ఉత్తరంలో కథ ఇది" అని మొదలు. కింద పది పన్నెండు లైన్లు. శారద ఉద్యోగానికి ఒప్పుకుంది. అత్తగారు గదికి తాళం వేసింది. రాజశేఖరం స్టేషన్‌కి రాలేదు, రైలు తప్పిపోయిందన్నాడట. పక్కనే, "నేను నమ్మను."

నేను ఆగిపోయాను. నాన్న ఆ కాగితం చేతిలోకి తీసుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి, కళ్ళకి ఆనించుకుని పైమూల చూశారు. అక్కడ అచ్చు అంకె ఉంది, 88.

"దొంగముండ!" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "సొసైటీ లెడ్జర్రా ఇది! ఇంట్లో రాసుకుందామని తెచ్చాను. ఆడిటప్పుడు ఎనభై ఎనిమిదో పేజీ లేదు. ప్రెసిడెంటు నా మొహం మీద అడిగాడు. మెమో కూడా ఇచ్చారు. ఇంటికొచ్చి అన్నం మానేసి కూర్చుంటే, 'ఎలకలు కొట్టేసుంటాయి' అని నాకే ధైర్యం చెప్పింది!" నవ్వడం మొదలుపెట్టారు. అమ్మ పోయాక అదే మొదటిసారి. నవ్వి నవ్వి, ఆ కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. కర్మ చేసిన రోజున కూడా మా ఇద్దరికీ అలా ఏడుపు రాలేదు.

కాసేపయ్యాక ఆ గాలివాన ఏదో నాకు తట్టింది. 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన. వేలమంది పోయారు. అవనిగడ్డ దగ్గర పల్లెలో కొత్తగా టీచరుగా చేరిన మా చిన్న మేనమామ అందులోనే పోయాడు. మనిషి దొరకలేదు. అంటే తమ్ముడు పోయిన పది పదిహేను రోజుల్లో అక్కాచెల్లెళ్ళిద్దరూ ఉత్తరాల్లో సీరియల్ కథ చెప్పుకున్నారన్నమాట! నాకు నిజంగా ఒళ్ళు మండింది. అదే మాట నాన్నని అడిగాను.

"ఆ ఉత్తరం నేనూ చూశాను. ముందంతా వాడి గురించే. చివర్న ఇది. మీ అమ్మ ముందుదంతా చదివి పొయ్యిలో పెట్టేసింది, ఇది ఎత్తి రాసుకుంది" అన్నారు.

అంతకుమించి ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. మీ ప్రశ్నకి జవాబు ఆ పొయ్యి దగ్గరే ఉందని నాకు అనిపిస్తుంది. దుఃఖం గురించి రాసిన పుస్తకం దుఃఖంలో ఉన్నవాడికి పనికిరాదు. వాడికి కావలసింది అత్తగారు గదికి ఎందుకు తాళం వేసిందో తెలియడం. రేపటిదాకా ఆగడానికి ఒక సాకు. కాదనేవాళ్ళు ఉంటారు, వాళ్ళింట్లో ఇంకా ఎవరూ పోయి ఉండరు.

ఇంకోమాట. పీడీఎఫ్‌లో చదివితే ఈ పని జరగదు. పీడీఎఫ్‌లో ఎనభై ఎనిమిదో పేజీ ఉండదు.

ఆ పదిహేడో వారం అసలు సంచిక సంపాదిద్దామని నాకు పట్టుదల వచ్చింది. మా చీరాల పక్కనే వేటపాలెం, సారస్వత నికేతనం. 1918లో పెట్టిన గ్రంథాలయం, 1929లో గాంధీగారు భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు అక్కడికొస్తారు. మనకైతే ఆటోలో పావుగంట, కానీ నేను వెళ్ళి ముప్పై ఏళ్ళయింది. ఎవర్ని అనాలి? ఇంటిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం మనమందరం. రసీదులో ఆ లైను ఎప్పుడైనా చూశారా? కట్టిన పన్ను లైబ్రరీలకి చేరకుండా బకాయిలుగా మిగిలిపోతుంది, మనమేమో లైబ్రరీలో కొత్త పుస్తకాలు లేవని మొబైల్ చూసుకుంటూ కూర్చుంటాం. సరే, ఇది వేరే గొడవ.

ఆటో పిలవబోతుంటే నాన్న అడ్డుపడ్డారు. "ఎందుకురా? మీ అమ్మ రాసింది కదా."

"అసలు కథలో రైలు నిజంగానే తప్పిపోయిందేమో నాన్నా."

"మీ అమ్మ నమ్మనంది."

వెళ్ళలేదు. ఇప్పుడు ముప్పై రెండో వారంలో ఉన్నాం. రాజశేఖరం వాలకం చూస్తుంటే అమ్మ అనుమానమే నిజమయ్యేలా ఉంది. శుక్లాల ఆపరేషన్ కూడా అయిపోయింది, నాన్న ఇప్పుడు తనే చదువుకోగలరు. అయినా నేను వచ్చేదాకా ముట్టుకోనని, పుస్తకం మళ్ళీ ట్రంకుపెట్టెలో పెట్టించారు.

శారద, రాజశేఖరం, తాళం వేసిన గది. ఈ సీరియల్ ఏదో మీలో ఎవరికైనా గుర్తొచ్చే ఉంటుంది. పేరు చెప్తే సంతోషం. ముగింపు మాత్రం చెప్పకండి, ఇంకా పదకొండు వారాలున్నాయి.