బాబు పులిపిర్లు పాపకీ వచ్చాయి, ఈత మాన్పించాలా?

మీ బాబు వేళ్ళకి ఉన్న పులిపిర్లు పాప మోకాలి మీద కూడా మొదలయ్యాయి, ఈత క్లాసు మాన్పించనా అని అడిగారు. మాన్పించకండి. మా ఇంట్లోనూ ఇంతే, ముందు పెద్దమ్మాయికి, తర్వాత తమ్ముడికి, చివరికి మా ఆయన గడ్డం కింద.

నెదర్లాండ్స్‌లో దాదాపు 1100 మంది ప్రైమరీ స్కూలు పిల్లల చేతులూ పాదాలూ పరీక్షించి, కొన్నాళ్ళకి మళ్ళీ చూశారు. 2013లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం, ఇంట్లో ఎవరికైనా ఉన్నా, క్లాసులో ఎక్కువమందికి ఉన్నా పిల్లలకి కొత్తగా వచ్చే అవకాశం పెరుగుతుంది. జాగ్రత్తలు ఈతకొలనుల దగ్గర కన్నా ఇంట్లో, క్లాసులో మొదలవ్వాలని వాళ్ళ మాట. కొలను గట్టు మీద చెప్పులు వేసుకుంటే చాలు.

పులిపిర్లు తెచ్చేది ఒక వైరస్. అది చర్మం మీద కంటికి కనపడని గీతల్లోంచి, నానిన చర్మంలోంచి దూరుతుంది. పైకి తేలడానికి నెలలు పడుతుంది కాబట్టి ఫలానా పిల్లాడి వల్లే వచ్చిందని తేల్చలేం. దయచేసి ఆ వెతుకులాట వద్దు, పసివాళ్ళ మనసు నొచ్చుకుంటుంది. గోళ్ళు కొరికే అలవాటుంటే మాత్రం ముందు అది మాన్పించండి. గిల్లినా, కొరికినా ఒకటి పక్కన ఇంకోటి వస్తుంది. మా ఆయనకైతే షేవింగ్ బ్లేడుతోనే పాకాయి.

మేం తువ్వాళ్ళు, నెయిల్ కట్టర్లు ఎవరివి వాళ్ళకి పెట్టాం. పులిపిరి మీద ప్లాస్టర్ వేసి స్కూలుకి పంపేవాళ్ళం. రాత్రి గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, డాక్టరు రాసిన సాలిసిలిక్ యాసిడ్ మందు దాని మీద మాత్రమే రాసేదాన్ని. వారాల తరబడి ఓపిక పట్టాలి. గుర్రపు వెంట్రుక కట్టమని, సున్నం పెట్టమని పెద్దవాళ్ళు ప్రేమతోనే చెప్తారు, కానీ వెంట్రుక కోసుకుపోయి రక్తం వస్తుంది, సున్నం చర్మాన్ని కాలుస్తుంది. పిల్లల్లో దాదాపు సగం మందికి ఏడాదిలో వాటంతటవే రాలిపోతాయి కూడా.

ఈ వైరస్ పేరు హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) అని డాక్టరు అనగానే క్యాన్సర్ గుర్తొచ్చి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే రకాలు వేరు, పిల్లల చేతుల మీద ఇవి తెచ్చే రకాలు వేరు. ముఖం మీదగానీ మర్మాంగాల దగ్గరగానీ వస్తే, రక్తం కారుతుంటే, ఇంట్లో ఏ మందూ రాయకుండా చర్మవ్యాధుల డాక్టరుకి చూపించండి.