అమ్మ పడిందని మంచానికే పరిమితం చేస్తున్నారా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. అమ్మకు 74 ఏళ్లు, బీపీ, షుగరు ఉన్నాయి. మూడు నెలల కిందట రాత్రి బాత్రూముకని లేచి పడిపోయింది. ఎముకలేమీ విరగలేదు. ఆ భయంతో అప్పటి నుంచి ఏ పనీ చేయనివ్వకుండా అన్నీ మంచం దగ్గరికే అందిస్తున్నాం. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే కాళ్లు వణుకుతున్నాయంటోంది. వీల్‌చైర్ కొనమంటారా?
- ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

జవాబు: ఇప్పుడే వద్దు. ఈ వయసులో పది రోజులు మంచం మీద ఉన్నా తొడల్లో కండ తగ్గిపోతుంది. మీరు ప్రేమతోనే చేశారు గానీ, పడినప్పుడు పోని బలం కూర్చోబెట్టడంతో పోయినట్టుంది.

ముందు ఎందుకు పడ్డారో తేలాలి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. నిలబడ్డాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టరు మందులు సరిచూడాలి. మీ వైపు నుంచి వచ్చేవాళ్లలో ఇంకో చిక్కుంటుంది. శ్రీకాకుళంలో ఒక డాక్టరు, బరంపురంలో ఇంకొకరు. చీటీలు రెండు, మాత్రల పేర్లు వేరు, లోపలి మందు మాత్రం ఒకటే! నిద్రమాత్రలతో సహా ఇంట్లో ఉన్నవన్నీ సంచిలో వేసుకెళ్లి ఒకే డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతుంటే విటమిన్ బి12 పరీక్ష చేయించండి. కళ్లు కూడా చూపించండి.

ఇక కాళ్ల సంగతి. చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి, పక్కన ఒకరు నిలబడి, ఐదుసార్లు కూర్చుని లేవమనండి. పూటకోసారి చాలు, ఓపికను బట్టి పెంచండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆపేయాలి. వ్యాయామమంటే మొహం తిప్పుకునే పెద్దవాళ్లు కూడా పూజకు పూలు కోసుకురమ్మంటే పెరట్లోకి వెళతారు. వెళ్లనివ్వండి, వెనకాల మీరుండండి.

చోడి (రాగి) అంబలి ఎముకలకు మంచిదే గానీ కండకు అదొక్కటే చాలదు. పూటపూటా పప్పో, గుడ్డో, చేపో, పెరుగో ఉండాలి. కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టరును అడిగి పెట్టండి.

బాత్రూములో తువ్వాలు ఆరేసే రాడ్డు మనిషి బరువు మోయదు. గోడలోకి దిగ్గొట్టిన, పట్టుకునే కడ్డీ వేయించండి, రాత్రంతా చిన్న లైటు ఉంచండి. చేతికర్ర కావాలంటే, నిటారుగా నిలబడి చెయ్యి వేలాడేసినప్పుడు దాని పిడి మణికట్టు దగ్గరికి రావాలి. ఆదాయం తక్కువున్న 60 ఏళ్లు దాటినవాళ్లకు 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద కర్రలు, వాకర్లు ఉచితంగా ఇస్తారు. బ్లాకు ఆఫీసులో అడగండి.

పడినప్పుడు తలకు దెబ్బ తగిలిందో లేదో మీరు రాయలేదు. పెద్దవాళ్లకు మెదడు పైపొర కింద వారాల తరబడి మెల్లగా రక్తం చేరవచ్చు. తలనొప్పి, మగత, అయోమయం, ఒకవైపు బలహీనత, వీటిలో ఏది కనిపించినా పైవన్నీ పక్కనపెట్టి ఈరోజే తలకు సీటీ స్కాన్ తీయించండి.