ఖాళీ రోడ్డు దగ్గర జాగ్రత్త నాయనా

సెలవు మీద తిరుపతి వచ్చిన ప్రతిసారీ మా ఇంటికి ఒకరిద్దరు పిల్లలు వస్తారు. అప్పటికే వీసా వచ్చేసి ఉంటుంది, టికెట్టు తీసేసి ఉంటారు. అద్దె ఇళ్ల గురించి, బ్యాంకు ఖాతా గురించి, పచ్చళ్లు ఎన్ని కిలోలు తీసుకుపోవచ్చో అడుగుతారు. కారు నడపడం గురించి మాత్రం ఎవరూ అడగరు. ఈసారి మా వీధి అబ్బాయి ఒకడు వచ్చాడు. ఎమ్మెస్ చదవడానికి ఆగస్టులో టెక్సాస్ వెళ్తున్నాడు. ఆ మాట నేనే ఎత్తితే వాళ్లమ్మ ముందే అన్నాడు: "అన్నా, లీలామహల్ సెంటర్లో నాలుగేళ్లుగా నడుపుతా ఉండా. ఈడ నడిపినోడికి ఆడ నడిపేది ఒక లెక్కా?"

వాళ్లమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇరవై ఏళ్లుగా డాలస్ పక్కన ఉంటున్నాను. కారు ప్రమాదంలో మన పిల్లలు పోయారన్న కబురు ఏటా ఏదో ఒక ఊరి నుంచి వింటూనే ఉన్నాను. తెలిసిన వాళ్లమంతా చందాలు వేసుకొని శవపేటికను విమానం ఎక్కించిన రోజులున్నాయి. అందుకే ఆ రోజు వాడికి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను.

లీలామహల్ దగ్గర నడపడం గొప్పే, కాదనను. కానీ అది ఎదుటివాడు రూలు పాటించడని ముందే అనుకొని నడిపే తీరు. ఆటో ఎక్కడైనా ఆగుతుంది, బైకు ఎదురొస్తుంది, అందుకని కాలు ఎప్పుడూ బ్రేకు మీదే ఉంటుంది. అమెరికాలో అందరూ రూలు పాటిస్తారన్న నమ్మకం మీద నడుపుతారు. గ్రీన్ లైటు పడి ఉంటే గంటకు 45 మైళ్ల వేగంతోనే, అంటే మన లెక్కలో 72 కిలోమీటర్లతోనే, కూడలి దాటేస్తారు. పక్క రోడ్డు నుంచి ఎవరూ రారన్నదే వాళ్ల ధైర్యం. మనం ఒక్కసారి ఆ నమ్మకం తప్పామా, వాళ్లకు బ్రేకు వేసే వ్యవధి కూడా ఉండదు.

కుడి పక్కన నడపడం రెండు రోజుల్లో వచ్చేస్తుందని అందరూ అంటారు. నిజమే, ట్రాఫిక్ ఉన్నంతసేపు వచ్చేస్తుంది. ముందు బండి వెనకాల పోతుంటాం కాబట్టి తప్పు జరగదు. తప్పు జరిగేది ఖాళీ రోడ్డు మీద. నేను వెళ్లిన మూడో నెలలో ఒక ఆదివారం తెల్లవారుజామున పెట్రోలు పోయించుకొని బంకులోంచి బయటికొచ్చాను. కనుచూపు మేరలో ఒక్క బండి లేదు. మనసు ఎక్కడో ఉంది, చేతులు వాటంతట అవే చిత్తూరు రోడ్డు మీద తిప్పినట్టు ఎడమ పక్కకు తిప్పేశాయి. అర నిమిషం హాయిగా పోయాను. ఎదురుగా రెండు హెడ్‌లైట్లు కనిపించాక కూడా, వాడెందుకు నా వైపు వస్తున్నాడని అనుకున్నాను. అతను పచ్చిక మీదికి దించుకున్నాడు కాబట్టి ఈ మాటలు రాస్తున్నాను.

అప్పటి నుంచి ఒక గుర్తు పెట్టుకున్నాను. ఏ దేశంలోనైనా, ఆ దేశం కోసం తయారైన కారులో, డ్రైవరు రోడ్డు మధ్య గీత పక్కనే ఉంటాడు. తిరుపతిలోనూ అంతే, డాలస్‌లోనూ అంతే. మలుపు తిరిగిన ప్రతిసారీ "గీత నా పక్కనే ఉందా?" అని చూసుకోండి. పార్కింగులోంచి, బంకులోంచి, చిన్న వీధిలోంచి బయటికొచ్చేటప్పుడు పైకే అనుకోండి. నేను ఇప్పటికీ అనుకుంటాను. కువైట్ వెళ్లే మన పీలేరు, రాయచోటి వైపు వాళ్లకూ ఇదే గుర్తు పనికొస్తుంది, అక్కడా కుడి పక్కనే. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లకు మాత్రం మనలాగే ఎడమ పక్క. నడిచి రోడ్డు దాటేటప్పుడు కూడా ఈ తేడా ఉంది. మన ఊళ్లో ముందు కుడికి చూస్తాం, అమెరికాలో ముందు ఎడమకు చూడాలి. కొడుకు దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలకు ఇది తప్పకుండా చెప్పండి, వాళ్లు నడకకు వెళ్తారు కదా.

స్టాప్ అని రాసి ఉన్న చోట చక్రం పూర్తిగా ఆగాలి. ఎవరూ లేకపోయినా, అర్ధరాత్రైనా ఆగాలి. నాలుగు వైపులా స్టాప్ బోర్డు ఉంటే ముందు వచ్చి ఆగినవాడు ముందు పోతాడు. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడి పక్కనున్నవాడికి దారి ఇవ్వాలి. పసుపు రంగు స్కూలు బస్సు ఎర్ర లైట్లు మిణుకుమిణుకుమనిపిస్తూ ఆగితే, వెనక ఉన్న మీరూ, ఎదురుగా వచ్చేవాళ్లూ ఆగాల్సిందే. మధ్యలో డివైడరు ఉన్న రోడ్డుకు మినహాయింపులున్నాయి. మీ రాష్ట్రంలో ఎలాగో అక్కడి డ్రైవర్ హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది. ఆ పుస్తకం ఆన్‌లైన్లో ఉచితం, విమానం ఎక్కకముందే ఇంట్లో కూర్చొని చదివేయొచ్చు. రెడ్ లైటు దగ్గర కుడికి తిరగడం చాలాచోట్ల కుదురుతుంది గానీ, ముందు పూర్తిగా ఆగాలి. ఎడమ నుంచి కార్లు వస్తున్నాయేమోనని చూస్తూ, కుడి నుంచి నడిచి వచ్చే మనిషిని మర్చిపోతాం. అక్కడే జరగరానిది జరుగుతుంది.

పోలీసు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన మర్యాద అక్కడ తిరగబడుతుంది. మన ఊళ్లో పోలీసు ఆపితే బండి దిగి, కాగితాలు పట్టుకొని, "సార్" అంటూ ఆయన దగ్గరికి వెళ్తాం. అక్కడ అలా దిగి నడిస్తే మీదికి వస్తున్నారనుకుంటారు. వెనక లైట్లు కనిపించగానే ఇండికేటర్ వేసి కుడి పక్కకు ఆపండి. లోపలే కూర్చోండి, అద్దం దించండి, రెండు చేతులూ స్టీరింగు మీద కనబడేలా పెట్టండి. లైసెన్సు అడిగితే "జేబులో ఉంది, తీస్తున్నాను" అని చెప్పాకే చేయి కదపండి. డబ్బు మాట ఎత్తనే ఎత్తకండి, అది పెద్ద నేరం. తాగి నడిపితే చదువు, వీసా రెండూ చిక్కుల్లో పడతాయి. దాని మీద ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది పిల్లల లాంగ్ డ్రైవులు. సెలవులు రాగానే అయిదుగురు కలిసి కారు అద్దెకు తీసుకుంటారు. శుక్రవారం సాయంత్రం దాకా క్లాసులో, పార్ట్‌టైమ్ పనిలో ఉండి రాత్రి బయలుదేరుతారు. హోటల్ ఖర్చు మిగులుతుందని రాత్రంతా నడుపుతారు. ముందు ఇద్దరు బెల్టు పెట్టుకుంటారు, వెనక ముగ్గురు పెట్టుకోరు, నిద్రపోతుంటారు. తిన్నని రోడ్డు, చల్లటి ఏసీ, గంటకు 75 మైళ్లు. రెప్ప మూతపడే రెండు సెకన్లలో బండి డెబ్భై గజాలకు పైగా పోతుంది. నాయనా, రాత్రి పది తర్వాత నడపకండి. ఆ హోటల్ డబ్బులు లేకపోతే ఆ ట్రిప్పే వద్దు. వెనక సీటు వాళ్లు బెల్టు పెట్టుకొనేదాకా బండి స్టార్ట్ చేయకండి. ఇంకో మాట, అద్దె కాగితంలో ఎవరి పేరు రాశారో వాళ్లే నడపాలి. పేరు లేని స్నేహితుడు నడిపినప్పుడు ఏదైనా జరిగితే ఆ కంపెనీ ఇచ్చిన కవరేజీ వర్తించకపోవచ్చు.

సొంత కారు కొన్నాక ఇన్సూరెన్సు దగ్గర పొదుపు చేయొద్దు. టెక్సాస్‌లో చట్టం అడిగే కనీసం, మీ వల్ల గాయపడిన ఒక మనిషికి 30 వేల డాలర్లు, ఒక ప్రమాదం మొత్తానికి 60 వేలు, ఆస్తి నష్టానికి 25 వేలు. అక్కడి ఆసుపత్రి బిల్లులు చూసినవాళ్లకు 30 వేలు ఎంతో తెలుసు. ఆ పైది మీ మీద పడుతుంది. నెలకు కొంచెం ఎక్కువైనా ఆ పరిమితి పెంచుకోండి. ఇన్సూరెన్సు లేనివాడు మిమ్మల్ని గుద్దితే ఆదుకునే కవరేజీ కూడా తీసుకోండి.

"టెక్సాస్ మన తిరుపతి లాగే ఎండ కదన్నా, మంచుతో మనకేం పని?" అన్నాడు ఆ అబ్బాయి. 2021 ఫిబ్రవరి 11న ఫోర్ట్‌వర్త్‌లో ఐ-35డబ్ల్యూ రోడ్డు మీద వందకు పైగా బండ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి, ఆరుగురు చనిపోయారు. రోడ్డు మీద గాజు పొరలా గడ్డకట్టిన నీరే దానికి కారణం. అది కంటికి కనబడదు, తడి రోడ్డులా ఉంటుంది. వంతెనలకు కింద నుంచి కూడా చలిగాలి తగులుతుంది కాబట్టి ముందు అవే గడ్డకడతాయి. అలాంటి రోజు క్లాసు పోతే పోనీ, ఇంట్లో ఉండండి.

ఇంతవరకూ అక్కడి సంగతి. అసలు చాలామంది ఎన్నారైలకు గండం ఉండేది సెలవుకు ఇంటికి వచ్చే దారిలో. అర్ధరాత్రి చెన్నైలోనో బెంగళూరులోనో దిగుతాం. అమ్మ ఎదురుచూస్తోందని అప్పుడే బయలుదేరతాం. ఏడేళ్ల కిందట నేనూ అలాగే చెన్నై నుంచి వస్తున్నాను. ఆ డ్రైవరు పగలంతా కొండకు ట్రిప్పులు వేసి, సాయంత్రం నన్ను తీసుకురావడానికి బయలుదేరాడట. పుత్తూరు దగ్గర అతని తల వాలింది. నేను అరిచాను, ఎడమ చక్రాలు మట్టిలోకి దిగి బండి ఆగింది. ఆ లైట్ల వెలుగులో కొద్ది అడుగుల దూరంలో పసుపు బట్టలు కట్టుకొని, గోవింద నామాలు చెప్పుకుంటూ నడిచి వస్తున్న తమిళ భక్తులు పాతిక మంది కనిపించారు. అందులో చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి ఉంది. ఆమె ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందు మెదులుతుంది.

అప్పటి నుంచి విమానాశ్రయం దగ్గరే గది తీసుకొని పడుకొని, తెల్లవారాక బయలుదేరుతున్నాను. అమ్మకు అయిదారు గంటలు ఆలస్యం, అంతే. డ్రైవరు నిద్రపోయాడో లేదో బండి బుక్ చేసేటప్పుడే అడుగుతాను. అద్దె కార్లలో వెనక బెల్టు కొక్కేలు సీటు కవరు కింద కూరుకుపోయి ఉంటాయి, సామాను పెట్టకముందే వాటిని బయటికి తీయిస్తాను. బ్రహ్మోత్సవాల ముందు నగరి, పుత్తూరు దారిలో రాత్రంతా నడిచేవాళ్లుంటారు. జూన్, జూలైలో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు బెంగళూరా (తోతాపురి) మామిడికాయల ట్రాక్టర్లు రోడ్డు పక్కన బారులు తీరి ఉంటాయి, చాలా వాటికి వెనక లైటే ఉండదు. 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో నిశ్చితార్థానికి వెళ్తున్న బస్సు లోయలో పడ్డది రాత్రి పూటే.

మీరే స్టీరింగు పట్టుకోవాలనుకుంటే కనీసం నాలుగు రోజులు ఆగండి. టెక్సాస్ ఎండాకాలంలో మనకన్నా పదిన్నర గంటలు వెనక ఉంటుంది. ఇక్కడ మధ్యాహ్నం రెండు గంటలంటే మీ ఒంటికి తెల్లవారుజాము మూడున్నర. అన్నం తిని కారెక్కితే కళ్లు మూతపడతాయి, కాఫీ ఆపలేదు. అక్కడికి కొత్తగా వెళ్లిన పిల్లలకూ ఇదే లెక్క తిరగేసి వర్తిస్తుంది. చేతుల అలవాట్లు కూడా తారుమారవుతాయి. మన మారుతి, హ్యుందాయ్ కార్లలో ఇండికేటర్ కుడి చేతి వైపు, అక్కడ ఎడమ వైపు. మలుపులో ఇండికేటర్ వేయబోయి వైపర్ వేస్తారు. ఇక హెడ్‌లైటు కొట్టడం. అక్కడ ఎదుటివాడు లైటు కొడితే "నువ్వు పో" అని. పలమనేరు రోడ్డు మీద లారీవాడు లైటు కొడితే "నేను వస్తున్నా, ఆగు" అని. ప్రమాదం జరగడానికి ఈ ఒక్క తేడా మర్చిపోతే చాలు.

అక్కడ పిల్లల సీటు లేకుండా వీధి చివరికి కూడా పోనివాళ్లు, ఇక్కడ బిడ్డను ముందు సీట్లో తాత ఒళ్లో కూర్చోబెడతారు. తాత ముచ్చట నాకూ తెలుసు. కానీ ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే బిడ్డ దానికీ తాతకూ మధ్య నలిగిపోతుంది. వెనక కూర్చోబెట్టండి, వీలైతే సీటు వెంట తెచ్చుకోండి.

లైసెన్సు కాగితాల మాట. వెళ్లేముందు మన ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. ఏడాది వరకే చెల్లుతుంది, అసలు లైసెన్సు పక్కన ఉంటేనే దానికి విలువ. అక్కడ స్థిరపడ్డాక ఆ రాష్ట్రం లైసెన్సు తీసుకోవాల్సిందే, ఎన్నాళ్లలోపు అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. మన లైసెన్సు గడువు తీరితే ఏడాదిలోపు రెన్యువల్ చేయించుకోవచ్చు, అది దాటితే మళ్లీ టెస్టు. గడువు తీరిన కార్డుతో సెలవుల్లో నడిపేవాళ్లు నాకు చాలామంది తెలుసు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ మొదట అడిగేది ఆ కార్డునే. రోడ్డు మీద ఎవరైనా పడి ఉంటే ఆగి 108కి ఫోన్ చేయండి. సాయం చేసినవాళ్లను వేధించకుండా 2019 సవరణతో చట్టంలోనే రక్షణ ఉంది.

చివరికి వాడు అడిగాడు, "మరి ఇప్పుడేం చేయమంటావన్నా?" అని. రేపు పొద్దున ఇద్దరం కొండకు పోతున్నాం. వాడే నడుపుతాడు. అమెరికాలో ఆటోమేటిక్ కారుకు అలవాటు పడ్డ మనవాళ్లు ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచుతారు. సగం దూరానికే కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత బ్రేకు పట్టదు. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని కొండ మీద నియమం పెట్టింది ఊరికే కాదు. రెండో గేరులో దించమని, వెనక వాడు హారన్ కొట్టినా వేగం పెంచొద్దని వాడికి చెప్పాను. వెనక సీట్లో వాళ్లమ్మ ఉంటుంది, బెల్టు పెట్టుకొని.